ఆడపడుచు తిప్పి పంపిన చీర

హారిస్‌డేల్, పెర్త్
6 ఏప్రిల్ 2025

ప్రసూనకి,

క్షేమమా అని అడగాలి. అడగను. నిన్న సాయంత్రం నుంచి నా ఒళ్లు మండిపోతోంది. ఫోన్ చేసి నిన్ను కడిగేద్దామనుకుంటే మీ వదిన ఫోన్ లాక్కుంది. "ఉగాది రోజు ఆ చందాల గురించి అన్నాచెల్లెళ్లిద్దరూ అరుచుకున్న అరుపులకి పక్కింటి ముసలాయన తలుపు కొట్టి అంతా బాగానే ఉందా అని అడిగి వెళ్లాడు. ఇక చాలు. ఏదైనా ఉంటే కాగితం మీద తిట్టుకోండి" అంది. అందుకే ఈ ఉత్తరం.

నిన్న మా తెలుగు సంఘం వాళ్ల ఉగాది సభ. పులిహోర ప్లేటు పట్టుకుని హాల్లోంచి బయటికి వస్తున్నాను. గుమ్మం పక్కన గోడ మీద అమ్మ! మన అమ్మ! ఆకుపచ్చ పట్టుచీరలో, మా పెరట్లో నిమ్మచెట్టు పక్కన తీసిన ఫోటో. కింద ఇంత లావు అక్షరాలు: "విద్యావతి పరిశోధన నిధి. ఈ తల్లి పేగు కేన్సర్‌తో పోయింది. మీ ఇంట్లో ఎవరికైనా వచ్చిందా? దాచకండి. సాయం చేయండి." ఆ కింద నీ పేరు, డాక్టర్ జ్ఞానప్రసూన, సర్జన్, బెండిగో, విక్టోరియా.

నాకు తల కొట్టేసినట్టయింది. అమ్మది గుండెపోటు అని తొమ్మిదేళ్లుగా ఊరందరికీ చెప్పుకున్నాను. నా పక్కన ఎవరున్నారనుకున్నావు? ద్వారకానాథ్ గారు, నీరజ గారు. మా అపూర్వని చేసుకోబోయే కిట్టు తల్లిదండ్రులు. శ్రావణంలో నిశ్చితార్థం అనుకున్నామని నీకు తెలుసు. ఆవిడ ఆ గోడ వంక చూసి, నా వంక చూసి, "అన్నయ్యగారూ, అమ్మగారిది గుండె అన్నారు కదండీ?" అంది. నేను ఏం చెప్పాలి? ప్రింటు చేసినవాడు తప్పు చేశాడండి అన్నాను. ఆవిడ నమ్మలేదు. పులిహోర ప్లేటు అక్కడే బల్ల మీద పెట్టేసి వచ్చేశాను.

ఆ ఫోటో నీకు ఎవరిచ్చారు? నేనైతే ఇవ్వలేదు. నీ పరిశోధనకి డబ్బు కావాలంటే గవర్నమెంటుని అడుగు, మీ ఆస్పత్రిని అడుగు. కన్నతల్లి చావుని గోడకి అంటించి అడుక్కుంటావా? వారం లోపల ఆ పోస్టర్లు అన్ని ఊళ్లలోనూ పీకించెయ్. పేరు కూడా మార్చు.

నాకసలు ఈ మధ్య ఓపిక ఉండటం లేదు. మెట్లెక్కితే ఆయాసం. డాక్టరు రక్తం చూసి ఐరన్ తక్కువ అని మాత్రలు రాశాడు. ముప్పై ఏళ్లు ఇనుము తవ్వే కంపెనీలో ఇంజనీరుగా చేసిన వాడికి ఇనుము తక్కువట, మీ వదిన ఒకటే నవ్వు. నాకు నవ్వు రావడం లేదు.

నీ అన్నయ్య,
సుబ్బరాజు


బెండిగో
14 ఏప్రిల్ 2025

అన్నయ్యకి,

వదినకి నా నమస్కారాలు. నీకు తర్వాత పెడతాను.

పోస్టర్లు పీకించను. పేరు మార్చను. ఫోటో ఎవరిచ్చారో చెప్పను. ఇచ్చినవాళ్లకి నాకంటే ఎక్కువ ధైర్యం ఉంది, అంతే చెప్పగలను.

గుండె అట, గుండె! అమ్మ స్కాన్ చూసింది నేను. రోజూ ఇలాంటి పేగుల్నే కోసి కుట్టే చేతులు నావి. అమ్మకి ఏడాది పాటు రక్తం పడుతుంటే నీ ఇంట్లోనే ఉండి నీతో చెప్పలేదు. మగపిల్లాడితో ఇలాంటివి ఏం చెబుతాంలే అనుకుంది. నాతోనూ చెప్పలేదు, నేను కంగారు పడతానని. బయటపడేసరికి కాలేయం దాకా పాకింది. అమ్మని చంపింది కేన్సరు ఒక్కటే కాదు, ఆ దాచుకోవడం కూడా. నువ్వు ఆవిడ పోయాక కూడా దాస్తున్నావు.

అడుక్కుంటున్నావు అన్నావు. అవును, అడుక్కుంటున్నాను. కొన్ని కుటుంబాల్లో ఈ జబ్బు రక్తంలోనే దిగుతుంది, తల్లి నుంచి కొడుక్కి, తండ్రి నుంచి కూతురికి. ఎవరికి దిగిందో ముందే తెలిస్తే, కెమెరా వేసి చూసి, చిన్నగా ఉన్నప్పుడే తీసిపారేయొచ్చు. కానీ ఇక్కడి లెక్కలన్నీ తెల్లవాళ్ల రక్తం చూసి కట్టినవి. మన వాళ్ల రక్తంలో ఏ మార్పు ఉందో, ఏ వయసులో మొదలవుతుందో చూసిన దిక్కు లేదు. చూద్దామని నేను పూనుకుంటే గ్రాంటు కమిటీ మళ్లీ కాదంది. ఏమని రాశారో తెలుసా? "ఆలోచన మంచిదే, మీ దగ్గర చాలినన్ని భారతీయ కుటుంబాలు లేవు." ఎందుకు లేవు? ప్రతి ఇంట్లోనూ నీలాంటి అన్నయ్య ఒకడు కూర్చుని గుండె, గుండె అంటుంటే కుటుంబాలు ఎక్కడి నుంచి వస్తాయి?

ల్యాబ్‌లో నాతో పనిచేసేది లీలా ఒక్కతే. ఫిజీ నుంచి వచ్చిన తెలుగువాళ్ల పిల్ల. తెలుగు నాలుగు ముక్కలు వచ్చు, అందులో రెండు తిట్లు. జూన్ తర్వాత ఆ అమ్మాయికి జీతం ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ పిల్ల వెళ్లిపోతే పని ఆగిపోతుంది.

ఇదంతా పక్కన పెట్టు. నీ ఉత్తరంలో చివర ఒక వాక్యం ఉంది, ఐరన్ తక్కువ అని. దాన్ని మళ్లీ మళ్లీ చదివాను. ఏభై ఏడేళ్ల మగవాడికి ఉత్తినే ఐరన్ తగ్గదు. ఎక్కడో లోపల కారుతుంటే తగ్గుతుంది. ఆ మాత్రలు మింగుతూ కూర్చోకు. వెంటనే కొలనోస్కోపీ చేయించుకో. పేగులోకి కెమెరా పంపి చూస్తారు, మత్తిస్తారు, నొప్పి తెలియదు. అమ్మ జబ్బు నాకు దిగిందేమోనని నేను పరీక్ష చేయించుకున్నాను. నాకు రాలేదు. నీకు వచ్చిందో లేదో నాకెలా తెలియాలి?

చేయించుకో. తర్వాత ఎంతైనా తిట్టు.

ప్రసూన


హారిస్‌డేల్
27 ఏప్రిల్ 2025

ప్రసూనకి,

నీ ఉత్తరం చదివాను. అమ్మని నేను చంపానని రాయడం ఒక్కటే తక్కువ.

నీ ఘనకార్యం ఇంకోటి కూడా చూశాను. మెల్‌బోర్న్‌లో ద్వారకానాథ్ గారి తమ్ముడి కొడుకు వాట్సాప్‌లో ఫోటో పెట్టాడు. హార్డ్‌వేర్ షాపు ముందు, ఏప్రన్ కట్టుకుని, సాసేజ్‌లు కాలుస్తూ డాక్టర్ జ్ఞానప్రసూన! పక్కన ఒక పిల్ల ఉల్లిపాయలు వేయిస్తోంది, ఆ లీలా కాబోలు. ముందు ఒక చందాల డబ్బా, దాని మీద మళ్లీ అమ్మ ఫోటో. అమ్మ మాంసం ముట్టేదా ప్రసూనా? ఆవిడ ఫోటో ముందు పొగ! నీరజ గారు ఆ ఫోటో చూపించి, "మీ చెల్లెలు గారికి ఆస్పత్రిలో జీతం ఇవ్వరాండీ?" అని నవ్వుతూ అడిగింది. ఆ నవ్వు నాకు ఇంకా చెవిలో ఉంది.

కెమెరా సంగతి నాకు అర్థమైంది. మీ కమిటీకి కుటుంబాలు చాలలేదు, అందుకని అన్నయ్య కుటుంబాన్ని ఒకటి కలుపుకుందామని. నేను వెళ్తే నా పేరు కూడా ఆ గోడ మీదికి ఎక్కుతుంది. నాకు ఏ జబ్బూ లేదు. మీ వదిన పాలకూర వండుతోంది, సరిపోతుంది. ఏభై దాటినవాళ్లకి పేగు పరీక్షకని గవర్నమెంటు ఒక డబ్బా పోస్టులో పంపుతుంది చూడు, దొడ్డికి వెళ్లినప్పుడు కాస్త తీసి గొట్టంలో పెట్టి తిరిగి పంపమని. అది గరాజ్‌లో పెయింటు డబ్బాల వెనక ఉంది. దేవుడి గది ఉన్న ఇంట్లో ఆ పని చేసి, తీసుకెళ్లి పోస్టు డబ్బాలో వేయమంటావా? ఆ పోస్టుమాన్ మొహం ఎలా చూడను?

అసలు సంగతికి వస్తాను. ఆగస్టు పదిహేడు, నిశ్చితార్థం. ఇంటి ఆడపడుచుకి చీర పెట్టకుండా మన ఇంట్లో శుభకార్యం ఎప్పుడూ మొదలుపెట్టలేదు. ఎంత కోపమున్నా అది నా ధర్మం. పార్సిల్‌లో ఉప్పాడ పట్టుచీర ఉంది, వంగపండు రంగు, మీ వదిన స్వయంగా ఎంచింది. కట్టుకుని రా. మేనత్తగా ముందు వరసలో కూర్చో. కానీ నిధి, కేన్సరు, అమ్మ జబ్బు, ఈ మూడు మాటలూ ఆ హాల్లో నీ నోట్లోంచి రాకూడదు. ఆ పిల్ల పెళ్లి చెడగొట్టకు.

సుబ్బరాజు


బెండిగో
9 మే 2025

అన్నయ్యకి,

చీర చాలా బాగుంది. అంచు చూసి కాసేపు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇందులోనే తిప్పి పంపుతున్నాను.

ఆడపడుచు చీర తిప్పి పంపితే ఆ ఇంటికి అరిష్టం అంటారని నాకు తెలుసు. తెలిసే పంపుతున్నాను. నీకు ఇంగ్లీషులో చెబితే ఎక్కలేదు, తెలుగులో చెబితే ఎక్కలేదు, డాక్టరుగా చెబితే నాటకం అన్నావు. ఇక నాకు మిగిలింది ఇదొక్కటే. నేను ఈ ఇంటి ఆడపడుచుని. నా లాంఛనం నేను అడుగుతున్నాను. చీర వద్దు, వెండి గిన్నె వద్దు. కొలనోస్కోపీ చేయించుకుని ఆ రిపోర్టు నాకు పంపు. అదే నా లాంఛనం. అప్పటిదాకా ఏ శుభకార్యానికీ నీ గడప తొక్కను. అలిగాననుకో. అవును, అలిగాను.

ఆ రిపోర్టు కమిటీకి ఇవ్వను. నీ పేరు ఎక్కడా రాయను. ఇంకేం ప్రమాణం కావాలి నీకు?

సాసేజ్‌ల గురించి: ఆ రోజు ఒక మనిషి వచ్చి రెండు కొనుక్కుని, తినకుండా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. మా అన్నకి ఇదే వచ్చిందండీ, ఎవరికీ చెప్పలేదు, నాకు కూడా, అన్నాడు. అతను ఒక రైతు, ఇక్కడివాడే, తెల్లవాడు. దాచుకోవడం మన ఒక్కళ్లకే రాదు. కాకపోతే మనకి మరీ బాగా వచ్చు. నీరజ గారు ఎంతైనా నవ్వనీ, నేను వచ్చే శనివారం కూడా అక్కడే నిలబడతాను.

వదినకి చెప్పు, చీర మీద కోపం లేదని.

ప్రసూన


హారిస్‌డేల్
18 మే 2025

జ్ఞానప్రసూనకి,

చీర చూసి మీ వదిన ఏడ్చింది. పెళ్లయి వచ్చాక ఇన్నేళ్లలో ఆవిడ నీ గురించి ఒక్క మాట అనలేదు. ఇప్పుడూ అనలేదు, ఏడ్చి బీరువాలో పెట్టింది. నాకు మాత్రం నోరుంది. ఇంత పొగరేంటే నీకు? సర్జన్ అయితే నెత్తి మీద కొమ్ములొస్తాయా? అమ్మ ఉంటే నీ చెంప పగలగొట్టేది.

నేను చాలాసేపు ఆలోచించాను. మొన్న ఉగాది రోజు ఫోన్లో నువ్వు అన్న మాట గుర్తొచ్చింది. "అందరూ ఇస్తున్నారు, సొంత అన్నయ్య ఒక్క పైసా ఇవ్వలేదు" అన్నావు. అదీ నీ కడుపులో ఉన్నది. చీర వద్దు అంటే డబ్బు కావాలని అర్థం. నోరు తెరిచి అడగలేక పరీక్ష, లాంఛనం అని తిప్పుతున్నావు. సరే. చెక్కు ఇందులో పెట్టాను. చిన్నదేం కాదు, నేను గని సైట్‌కి విమానంలో తిరిగి సంపాదించింది. లీలా జీతానికి వాడుకో, మిషన్లు కొనుక్కో. దాంతో ఇక మనిద్దరికీ గొడవ లేదు. నిశ్చితార్థానికి వచ్చి చీర తీసుకో. ఆ పోస్టర్లు తీయించు.

ఇంకో మాట. నాకు జబ్బుండాలని నువ్వు ఎంత కోరుకుంటున్నావో కానీ, నేను బాగా సన్నబడ్డాను. బెల్టుకి కొత్త చిల్లు పెట్టించుకున్నాను. ద్వారకానాథ్ గారు మొన్న చూసి, బావగారు పెళ్లికొడుకులా ఉన్నారు అన్నారు.

సుబ్బరాజు


బెండిగో
27 మే 2025

అన్నయ్యా,

ఈ దేశంలో ఇంకా చెక్కులు రాసేది నువ్వొక్కడివే. ముక్కలు ఇందులో ఉన్నాయి, లీలా ఎదురుగానే చింపాను. ఆ పిల్ల పాపం, తన జీతం చింపేస్తున్నానని తెలిసి కూడా "గుడ్ ఆన్ యూ, అక్కా" అంది.

నీ డబ్బు నాకు వద్దని కాదురా. ఎవరిచ్చినా తీసుకుంటాను, మొన్న ఒక స్కూలు పిల్లలు కేకులమ్మి తెచ్చిన చిల్లర కూడా తీసుకున్నాను. నీ చెక్కు ఎందుకు చింపానంటే అది నా నోరు మూయడానికి రాశావు కాబట్టి. నేను నోరు మూసుకుంటే నువ్వు చచ్చిపోతావు. చదివావా? మళ్లీ రాస్తాను. నువ్వు చచ్చిపోతావు. ఐరన్ తక్కువ. ఆయాసం. ఇప్పుడు బెల్టుకి చిల్లు. నా క్లినిక్‌లో ఈ మూడూ చెప్పిన మనిషిని కుర్చీలోంచి లేవనివ్వను. నువ్వేమో ద్వారకానాథ్ గారి మెప్పు తెచ్చి నాకు చూపిస్తున్నావు!

నీకు రావడానికి సగం సగం అవకాశం అని నిన్నటిదాకా చెప్పి ఉండేదాన్ని. ఇప్పుడు అలా చెప్పలేను. ఎందుకు చెప్పలేనో కూడా చెప్పలేను. అది నాది కాని సంగతి. ఒకరికి మాటిచ్చాను. నా వృత్తిలో మాటిస్తే అంతే. నీ ఇంట్లోవాళ్లని అడుగు అన్నయ్యా. అడిగేటప్పుడు దయచేసి అరవకు. నిదానంగా కూర్చుని, చెప్పేది పూర్తిగా విను. నీ జన్మలో ఒక్కసారి.

ఈ వారం ఆస్పత్రి వాళ్లని ల్యాబ్ కోసం అడిగాను. మొక్కలు పెట్టడానికి డబ్బుందట, వాకిట్లో ఫౌంటెన్‌కి డబ్బుందట. లీలా జీతానికి లేదట. బయటికి వచ్చి కారులో కూర్చుని గట్టిగా అరిచాను. అరవడం మన రక్తంలో అందరికీ దిగింది, దానికి పరీక్ష అక్కర్లేదు.

ప్రసూన


హారిస్‌డేల్
8 జూన్ 2025

నీ మాట విని ఇంట్లోవాళ్లని అడిగాను. సంతోషమా?

ఇంట్లో ఉన్నది మీ వదిన ఒక్కతే. ఆ ఫోటో నా కళ్లు కప్పి నువ్వే పంపావు కదా కిరణ్మయీ అని అడిగాను. కాదంది. నీకు, నా చెల్లెలికి మధ్య ఏం నడుస్తోంది, ఏం మాట తీసుకున్నావు అని అడిగాను. నాకేం తెలియదంది. అరవద్దన్నావు, అరిచాను. ఆవిడ పెట్టె సర్దుకుని డార్విన్‌లో అపూర్వ దగ్గరికి వెళ్లిపోయింది. ముప్పై ఏళ్లలో మొదటిసారి. నేను రొట్టెముక్కలు కాల్చుకుని తింటున్నాను, అవి కూడా సయించడం లేదు.

ముందు అమ్మ పరువు తీశావు. తర్వాత చీర తిప్పికొట్టావు. చెక్కు చింపావు. ఇప్పుడు నా కాపురంలో నిప్పులు పోశావు. నీ నిధి చల్లగా ఉండాలి!

నిశ్చితార్థానికి రావద్దు. నాకు ఉత్తరం రాయద్దు.

సుబ్బరాజు


బెండిగో
16 జూన్ 2025

రాయద్దన్నావు. రాస్తున్నాను. చింపుకో.

ఫోటో ఇచ్చింది వదిన కాదు. వదినకి నిజంగానే ఏమీ తెలియదు. వెంటనే ఫోన్ చేసి క్షమించమని అడుగు. లేదంటే విమానం ఎక్కి డార్విన్ వెళ్లు. వెళ్లడమే మంచిది. ఇంట్లోవాళ్లంటే ఆ ఇంటి నాలుగు గోడల మధ్య ఉన్నవాళ్లే అనుకునే మొద్దువి నువ్వు.

ఇంతకంటే నేను రాయకూడదు. ఇంత కూడా రాయకూడదు.

పేషెంట్ల కడుపులు కోసేటప్పుడు నేను తప్పు చెయ్యను. ఈ కవరు మీద నీ పేరే రెండుసార్లు తప్పు రాశాను. అంత కోపంగా ఉన్నాను నీ మీద.

ప్రసూన


డార్విన్
3 జూలై 2025

ప్రసూనా,

అపూర్వ ఇంట్లో, బాల్కనీలో కూర్చుని రాస్తున్నాను. ఇక్కడ ఇప్పుడు వానల్లేవు, ఆకాశం శుభ్రంగా ఉంది. నాకు ఏమీ కనపడటం లేదు.

మొన్న వచ్చాను. మీ వదినకి క్షమాపణ చెప్పుకున్నాను. ఆవిడ ఇంకా పూర్తిగా మాట్లాడటం లేదు. భోజనాలయ్యాక అపూర్వ నా ఎదురుగా కుర్చీ లాక్కుని, "డాడ్, నానమ్మ ఫోటో అత్తకి ఇచ్చింది నేనే. ప్లీజ్ డోంట్ షౌట్" అంది. ఆస్పత్రి ఫార్మసీలో పనిచేస్తుంది కదా, నీ పరిశోధన గురించి చదివి తనే అక్కడ రక్తపరీక్ష చేయించుకుందట. అమ్మ జబ్బు తనకి దిగిందట. కేన్సరు లేదు, కానీ ఆ మార్పు ఉంది. మే నెలాఖర్లో నీకు చెప్పి, నిశ్చితార్థం అయ్యేదాకా నాన్నకి చెప్పొద్దని మాట తీసుకుందట. కిట్టు వంటింట్లో దోసెలు పోస్తున్నాడు, వాడికి ఫిబ్రవరి నుంచి తెలుసట. వాడు అట్లకాడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "అంకుల్, ఐయామ్ నాట్ గోయింగ్ ఎనీవేర్" అన్నాడు. దోసె మాడిపోయింది.

అరవలేదు.  అపూర్వ ఒక కాగితం మీద గీసి చూపించింది. నానమ్మ, కింద నేను, నా కింద తను. మధ్యలో నన్ను దాటుకుని రావడానికి దారి లేదట. నీకు రాలేదు. నాకు వచ్చింది, నా నుంచి దానికి వచ్చింది. నా కూతురికి నేను పెట్టిన లాంఛనం ఇదీ.

నీ మీద నాకు కోపం పోయిందనుకోకు. ఇంకా పెరిగింది. నా కూతురి సంగతి నాకంటే ముందు నీకు తెలుసు. నాకు వచ్చిందని కూడా నీకు తెలుసు. తెలిసి, మాటిచ్చాను అని కూర్చున్నావు. విమానం ఎక్కి వచ్చి నా జుట్టు పట్టుకుని ఈడ్చుకెళ్లాల్సింది. మాటట, వృత్తట! నేను పోయాక ఆ మాటని ఏం చేసుకునేదానివి?

పదిహేనో తేదీకి కెమెరా పరీక్ష రాయించుకున్నాను. నీ లాంఛనం నీకు పంపుతాను.

అన్నయ్య


బెండిగో
8 జూలై 2025

అన్నయ్యకి,

తిట్టు. బాగా తిట్టు. జుట్టు పట్టుకుని ఈడ్చుకెళ్లేదాన్నే. నీకు జుట్టెక్కడుంది?

ముందు రోజు ఇచ్చే ఆ మందునీళ్లు మొత్తం తాగాలి. సగం తాగి కుండీలో పోయకు, నీ సంగతి నాకు తెలుసు. అన్నం, పప్పు, పాలు వద్దు. తేరిన చారు ఒక్కటే. ఐరన్ మాత్రలు ఇప్పుడే ఆపెయ్. బాత్రూమ్‌కి దగ్గరగా ఉండు, గౌరవం గురించి ఆ ఒక్కరోజు ఆలోచించకు.

మూడు వారాల ముందు నేను రాసిన ఉత్తరం చూసి అపూర్వ నన్ను కూడా తిట్టింది, దాదాపు చెప్పేసినట్టే రాశానని. దానికి కోపం మన ఇంటిదే, న్యాయం వాళ్లమ్మది.

లీలాకి జీతం ఆగిపోయింది. వారానికి రెండు రోజులు ఊరికే వచ్చి పని చేస్తోంది, మిగతా రోజులు ఇంకో ల్యాబ్‌లో. సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆగస్టు పదిహేడున ఇక్కడ చెరువు చుట్టూ నడక పెట్టాం నిధి కోసం. నువ్వు నన్ను రావద్దన్నాకే ఆ తేదీ ఒప్పుకున్నాను, ఇప్పుడు అందరికీ చెప్పేశాం. మార్చలేను.

పదిహేనో తేదీ నుంచి ఫోన్ పక్కనే ఉంటాను. వదిన ఫోన్ లాక్కున్నా సరే, చెయ్యి.

ప్రసూన


హారిస్‌డేల్
20 ఆగస్టు 2025

ప్రసూనకి,

పేగులో ఉన్న ముద్ద పుట్టు పూర్వోత్తరాలు నాకంటే నీకే ఎక్కువ తెలుసు, రిపోర్టు ముందు నీకే పంపాను. ఆపరేషన్ టైములో నాలుగు రోజులు నా మంచం పక్కన కూర్చుని ఇక్కడి డాక్టర్ల ప్రాణాలు తోడేశావు. మంచిది. పేగు గోడ దాటి పోలేదన్నారు, గ్రంథుల్లోకి పాకలేదన్నారు. ఇంకో ఏడాది మాత్రలు మింగుతూ కూర్చుని ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదని ఆ కుర్ర సర్జను నా మొహం మీదే చెప్పింది. సరిగ్గా నీలాగే మాట్లాడుతుంది, మర్యాద లేకుండా.

నువ్వు నిశ్చితార్థానికి రాలేదు. మేనత్త లేకుండా, చీర పెట్టకుండా చేశాం. దానికి నిన్ను జన్మలో క్షమించను. ఏం జరిగిందో నా నోటితో చెప్పాలని ఫోన్లో చెప్పనివ్వలేదు ఎవర్నీ.

ఆస్పత్రిలో నువ్వు కాఫీకని కిందికి వెళ్లినప్పుడు ద్వారకానాథ్ గారు, నీరజ గారు పళ్లు పట్టుకుని వచ్చారు. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది, కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి. "అన్నయ్యగారూ, మీరేం బెంగ పెట్టుకోకండి. అందరికీ హెర్నియా అని చెప్పేశాం" అంది. నిజంగా నా మంచి కోరే చెప్పింది. థాంక్సండీ అన్నాను. వాళ్లు వెళ్లాక కడుపు మీద కుట్లు చూసుకుంటూ పడుకుంటే మంట మొదలైంది, ప్రసూనా. కుట్ల మంట కాదు. నేను ఆ బల్ల మీదే పోయి ఉంటే నన్ను హెర్నియాతో చంపేసేవాళ్లు! ఊరంతా వచ్చి పాపం హెర్నియా అని పులిహోర తిని వెళ్లేవాళ్లు. రేపు అపూర్వ కడుపున పుట్టే పిల్లలకి తాతయ్యకి హెర్నియా అని చెప్పేవాళ్లు. వాళ్లు పరీక్షకి ఎందుకు వెళ్తారు?

ఆ కోపం పదిహేడో తేదీ దాకా దాచుకున్నాను. ఉంగరాలు మార్చుకున్నాక రెండు మాటలు చెబుతానని మైకు తీసుకున్నాను. లేచి నిలబడితే కుట్లు లాగుతున్నాయి. చెప్పాను. "మా అమ్మ విద్యావతి పేగు కేన్సర్‌తో పోయింది. గుండె కాదు. గోడ మీద ప్రింటు తప్పు కాదు. నాకూ అదే వచ్చింది, తీసేశారు. హెర్నియా కాదు. ఎవరైనా హెర్నియా అంటే ఇక్కడే చొక్కా ఎత్తి చూపిస్తాను." మీ వదిన నా చొక్కా పట్టుకుంది, నిజంగానే ఎత్తేస్తానేమోనని. అపూర్వ పేరు నేను ఎత్తలేదు. అదే లేచి, నా చేతిలోంచి మైకు తీసుకుని తన సంగతి తనే చెప్పింది, సగం ఇంగ్లీషు సగం తెలుగు. కిట్టు దాని పక్కన నిలబడ్డాడు.

నీరజ గారు ముందు వరసలోంచి లేచి వెళ్లిపోయింది. వాళ్ల వైపు కొందరు భోజనం చేయకుండా వెళ్లారు. మూడు రోజులైంది, ఆవిడ ఇంకా మాతో మాట్లాడలేదు, కొడుకుతోనూ మాట్లాడలేదు. ఏమవుతుందో తెలియదు. ద్వారకానాథ్ గారు మాత్రం కార్ల దగ్గర నా కోసం కాచుకుని ఉన్నారు. చాలాసేపు తాళాలు ఆడించి, "మా పెద్దన్నయ్యది అల్సర్ కాదండి బావగారూ" అని, గబగబా కారెక్కి వెళ్లిపోయారు. ఆయన నంబరు నీకు పంపుతున్నాను. నువ్వే ఫోన్ చెయ్యి. వదలకు. నన్ను వదల్లేదు కదా. స్వీట్ల బల్ల పక్కన అపూర్వ నీ కాగితాలు పెట్టింది, ఇంకో మూడు కుటుంబాలు పేర్లు రాసి ఇచ్చాయి. మీ కమిటీవాళ్ల మొహాన కొట్టు.

పార్సిల్‌లో అదే చీర ఉంది. నువ్వు అడిగిన లాంఛనం ముట్టింది కాబట్టి ఇది పైన. ఈసారి తిప్పి పంపావంటే నేనే బెండిగో వచ్చి ఆ హార్డ్‌వేర్ షాపు ముందు నీ పొయ్యి పక్కన నిలబడి గొడవ చేస్తాను.

దాంతోపాటు నా ఫోటో ఒకటి పెట్టాను. నిమ్మచెట్టు పక్కనే తీయించాను, అమ్మ నిలబడ్డ చోటే. కొత్త పోస్టరు వేయించి, నన్ను ఆవిడ పక్కన పెట్టు. అమ్మ కింద "పోయింది" అని ఉంది కదా, నా కింద "పరీక్ష చేయించుకున్నాడు, బతికి ఉన్నాడు" అని రాయించు. అంత లావు అక్షరాలే. ప్రింటు తప్పు వచ్చిందంటే ఊరుకోను.

నీ అన్నయ్య,
సుబ్బరాజు